మంచికి కొట్టిన టికెట్టు

ముందు సీటు ఇల్లాలికి,

ఈ ఉత్తరం రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. కాగితం తీశాను, పెన్ను తీశాను, రెండూ బల్ల మీద పెట్టి కాసేపు వాటి మొహం చూశాను. రాయడానికేముంది, ఇల్లు ఉన్నచోటే ఉంది, నేనూ ఉన్నచోటే ఉన్నాను అనిపించింది. కానీ ఫోను చేస్తే నువ్వు "ఆఁ? ఏంటీ? సరే, ఉంటా" అని నా నోరు కట్టేస్తావు. నేను మాట మొదలెట్టి అసలు సంగతికి వచ్చేలోపు రెండు స్టాపులు దాటిపోతాయని నీకు తెలుసు. ఉత్తరంలో అయితే మధ్యలో దిగిపోలేవు. అందుకని రాస్తున్నాను.

మీ అక్కయ్య కాలు ఎలా ఉంది? కట్టు విప్పగానే ఆవిడ మొదట చేసే పని నిన్ను వంటింట్లోంచి తరిమెయ్యడమేనని నా అంచనా. తన వంటింట్లో ఇంకొకరు గరిటె పట్టుకుంటే ఆవిడకి కాలి నొప్పికన్నా అదే ఎక్కువ నొప్పి.

అక్షరాలు పెద్దపెద్దవిగా ఉన్నాయని నవ్వకు. ఇది కొత్త పెన్ను. సిరా ధారాళంగా వదులుతోంది, సన్నగా రాస్తే అలుక్కుపోతుంది. అన్నట్టు మొన్న మార్కెట్టుకని బయల్దేరి ఆస్పత్రి దగ్గర తేలాను. బస్సు బోర్డులు ఇప్పుడు ఏవో దీపాలతో రాస్తున్నారు. మినుకుమినుకుమంటాయి తప్ప ఒక్క ముక్క తెలిసి చావదు. మా రోజుల్లో రేకు మీద తెల్లరంగుతో రాయించేవాళ్ళం. ఆ రాసే పెయింటరు ఒకడుండేవాడు, 'స్టేషన్' అని రాయడానికి చోటు చాలక చివరి అక్షరాన్ని బోర్డు పక్కకి వంచి రాశాడు. అయినా జనం సరిగ్గానే ఎక్కారు, సరిగ్గానే దిగారు. పోనీలే, నేను చెప్పబోయింది అది కాదు.

చెప్పబోయింది కోడలి గురించి. ఈ ఏడు తనకి నాలుగో తరగతి ఇచ్చారని తెలుసుగా. ఆ తరగతిని దాటుకుని వెళ్ళేటప్పుడు తక్కిన టీచర్లు చెవులు మూసుకుంటారట. సాయంత్రం ఇంటికొచ్చేసరికి దాని గొంతు తుప్పు పట్టిన తలుపులా ఉంటోంది. మన అబ్బాయేమో లారీ మీద ఊళ్ళు పట్టుకు తిరుగుతున్నాడు, ఇంట్లో దాని గోడు వినేది నేనొక్కణ్ణే. ఒకరోజు చెప్పులు విడుస్తూనే అడిగింది.

"మామయ్యా, అంతమంది జనాన్ని బస్సులో ఎలా ఊరుకోబెట్టేవారండీ మీరు?"

చూడు, నా సర్వీసంతా అయిపోయి ఇన్నేళ్ళయింది, ఇంతవరకూ ఈ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. నువ్వూ అడగలేదు. ఒక్కసారి గొంతు సవరించుకున్నాను.

"అరిచేవాణ్ణి కాదమ్మా. ఫుట్‌బోర్డు మీద వేళ్ళాడేవాణ్ణి తిడితే వాడు ఇంకో నలుగుర్ని తనవైపు లాక్కుంటాడు. సర్దుకుని చోటిచ్చినవాణ్ణి పట్టుకుని, 'పెద్దమనిషండీ మీరు' అని బస్సంతా వినపడేలా అంటే, పక్కవాడు కూడా కాళ్ళు ముడుచుకుంటాడు."

"ట్రైనింగులో అచ్చం ఇదే చెప్పారు మామయ్యా. తప్పుని చూసీ చూడనట్టు ఉండు, మంచి కనిపిస్తే గట్టిగా చెప్పు అని. గట్టిగా చెబుతున్నాను. ఆ గోలలో వినేవాడేడీ?"

వినపడకపోతే చేతికి అందాలి. అప్పుడు తట్టింది నాకు. మన మంచం కింద ట్రంకు పెట్టె ఉంది కదా, నువ్వు ప్రతి దులుపుడుకీ 'ఈ చెత్త ఎప్పుడు పారేస్తారు' అంటావే, అది లాగాను. మా రూటు ఎత్తేసినప్పుడు డిపోలో తగలబెట్టబోతుంటే నేను తెచ్చుకున్న టికెట్టు పుస్తకాలు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ. ఒక్క చెదపురుగు ముట్టలేదు. అడుగున నా పంచింగ్ మెషీను కూడా ఉంది. నూనె చుక్క వేసి నొక్కితే 'టిక్' అంది. ఆ చప్పుడికి నా బొటనవేలు పాతికేళ్ళు వెనక్కి వెళ్ళింది.

ఏర్పాటు ఏమిటంటే, తరగతిలో ఎవరు మంచి పని చేసినా వాళ్ళకో టికెట్టు. మూడు రంగులూ కూడబెట్టినవాళ్ళు ఒక పూటంతా టీచరు కుర్చీలో కూర్చోవచ్చు. శుక్రవారం చివరి పీరియడులో నేను నా ఖాకీ చొక్కా వేసుకుని వెళ్ళడం, ఒక కథ చెప్పడం, ఆ వారం టికెట్లన్నీ అందరి ముందూ పంచ్ చెయ్యడం. మొదటి శుక్రవారం నేను గుమ్మంలో అడుగుపెట్టి "రైట్ రైట్" అనగానే ఆ గదిలో చీమ నడిస్తే వినపడింది. కోడలు నావైపు చూసిన చూపు నువ్వు చూసుండాల్సింది.

ఇక వాళ్ళ తెలివి విను. అక్కడ పిడుగు అని ఒకడున్నాడు. వాడు పక్కవాడికి కాలు అడ్డం పెట్టి పడేస్తాడు, వెంటనే చెయ్యిచ్చి లేపుతాడు, లేపి నావైపు తిరిగి చెయ్యి చాపుతాడు. నిన్న వరండాలో ఇద్దరి బేరం నా చెవిన పడింది. "ఇవాళ నువ్వు పడు, నేను లేపుతా. రేపు నేను పడతా." "రేపు మర్చిపోతావు, నువ్వే ముందు పడు." ఆ బేరం తేలేలోపు గంట కొట్టేశారు. నవ్వలేక చచ్చాను. ఏమైతేనేం, గోల తగ్గింది. హెడ్మిస్ట్రెస్ కిటికీలోంచి తొంగిచూసి తల ఊపి వెళ్ళిందట. కోడలి గొంతు మళ్ళీ మనిషి గొంతయింది.

నువ్వు చెత్తన్న పెట్టె ఇది. గుర్తు పెట్టుకో.

నీ కండక్టరు

~

ఏమోయ్,

నీ ఉత్తరం అందింది. పెట్టె సంగతికి నువ్వు ఒప్పుకోవని తెలుసు కానీ, "టికెట్టు దిగేదాకే కదా పనిచేసేది" అని ఒక్క ముక్క రాసి వదిలేశావు చూడు, అప్పుడు దానికి నవ్వాను. ఈవిడకి అన్నిట్లోనూ వంకే అనుకుని ఉత్తరం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఇవాళ మళ్ళీ తీశాను.

పని చెడగొట్టుకు వచ్చాను. కొంచెం ముందునుంచీ చెబుతాను, తొందరపెట్టకు.

తరగతిలో మూడో వరసలో ఇద్దరాడపిల్లలు కూర్చుంటారు. ఒకదాన్ని అందరూ గుసగుస అంటారు. పేరుకి తగ్గట్టే దాని నోరు ఒక్క క్షణం ఊరుకోదు, పక్కపిల్ల చెవిలో ఏదో ఒకటి ఊదుతూనే ఉంటుంది. రెండోది మహారాణి. అది తల కాస్త వెనక్కి వాల్చి, కళ్ళు సగం మూసి, మనందర్నీ మేడ మీంచి చూస్తున్నట్టు చూస్తుంది. పలకరిస్తే ఎవరన్నట్టు ఆగి గానీ మాట్లాడదు. అందుకా పేరు. ఇద్దరికీ ఒక్క టికెట్టు లేదు. ఒకటి నోరు మూయదు, ఇంకొకటి ఎవర్నీ ఖాతరు చెయ్యదు, ఇక టికెట్టెలా వస్తుంది?

ఈ శుక్రవారం నేను కాస్త ముందే వెళ్ళాను. లెక్కల క్లాసు నడుస్తోంది. వెనక బెంచీ మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూర్చున్నాను. కోడలు బోర్డు మీద రాస్తోంది.

"గుసగుసా! మళ్ళీనా? నీ నోటికి గొళ్ళెం పెట్టించమని మీ అమ్మకి చెప్పనా?"

ఆ పిల్ల నోరు మూసుకుంది. టీచరు అటు తిరగ్గానే మళ్ళీ తెరిచింది. నాకు వేరే పనేముంది, వింటూ కూర్చున్నాను. వినగా వినగా ఒకటి తేలింది. సుద్దముక్క చప్పుడు వస్తున్నంతసేపూ గుసగుస మాట్లాడదు. అది ఆగినప్పుడే మాట్లాడుతుంది. అది మాట్లాడాకే మహారాణి పెన్సిలు గీరుకుంటుంది. అది ఆపితే ఇదీ ఆగుతుంది. మహారాణి ఒక్కసారైనా బోర్డువైపు తలెత్తలేదు. ఎత్తినా ఏం లాభం, దానికి అక్కడ నల్లటి గోడ తప్ప ఏమీ లేదు.

మరి ఇన్నాళ్ళూ రోజూ ఆ గదిలో ఉండే కోడలికి తెలియనిది నాకెలా తెలిసింది అంటావు. అక్కడికే వస్తున్నాను. కాకపోతే చుట్టుతిరుగుడు దారిలో వస్తాను.

టక్కున లేచాను. మెషీను తీశాను. మూడు రంగులూ ఒకేసారి 'టిక్ టిక్ టిక్' మని కొట్టాను. అందరూ వెనక్కి తిరిగారు. సర్వీసులో ఉన్నప్పుడు ఏ గొంతుతో చివరి స్టాపు పేరు చెప్పేవాణ్ణో ఆ గొంతుతో అన్నాను.

"టీచరుగారూ, ఈ పిల్ల కబుర్లు చెప్పడం లేదండీ. పక్కపిల్లకి బోర్డు కనపడదు. చదివి పెడుతోంది. ఈ గదిలో ఇంతకన్నా మంచి పని ఇంతవరకూ ఎవ్వరూ చెయ్యలేదు."

కోడలు సుద్దముక్క కింద పడేసింది. అది ముక్కు ఎగబీల్చడం వెనక బెంచీదాకా వినపడింది. తరగతంతా చప్పట్లు. నేను నడిచి వెళ్ళి మూడు టికెట్లూ గుసగుస చేతిలో పెట్టాను. నిజం చెప్పనా, ఆ క్షణంలో నాకు పూలదండ ఒక్కటే తక్కువ.

చప్పట్లు ఆగకముందే పిడుగు బెంచీ ఎక్కాడు. "తాతా, మహారాణికి కళ్ళు కనపడవా?" దాని మొహం ముందు చెయ్యి పెట్టి, "ఇవెన్ని? చెప్పు, ఇవెన్ని?" వాడి వెనకే ఇంకొకడు. ఆ వెనక నలుగురు. గదినిండా వేళ్ళు లేచాయి. కోడలు బల్ల మీద స్కేలుతో కొడుతున్నా ఎవరూ వినలేదు. ఎవడో, "గుసగుసా, రోజూ చదివి పెట్టవే, కుర్చీ నీదే ఇంక!" అన్నాడు.

మహారాణి ఆ వేళ్ళని చూడలేదు. గుసగుస చేతిలోని టికెట్లని, ముక్కుకి ఆనేంత దగ్గరికి వంగి చూసింది. చూసి, చాలా మామూలుగా అడిగింది.

"నేను నీ టికెట్టునా?"

"కాదే! నేను అడగలేదే! ఆయనే ఇచ్చారు, ఒట్టు..." గుసగుస ఆ టికెట్లని బెంచీ కిందికి వదిలేసింది, కాలేవాటిని వదిలినట్టు. కానీ మహారాణి అప్పటికే సంచీ తీసుకుని లేచింది. బెంచీలు తడుముకుంటూ ముందు వరసకి వెళ్ళి, గోడ పక్కన ఒంటరిగా కూర్చుంది. నేను ఆ రోజు కథ చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

ఇప్పుడు చెబుతాను నాకెలా తెలిసిందో.

మనం బజారుకెళ్ళేటప్పుడు నువ్వు నడుస్తూ నడుస్తూ, "ఓహో, మందుల షాపు ఇక్కడికి మార్చారా" అని నీలో నువ్వే అనుకుంటావు. బస్సు మలుపు తిరగ్గానే, "అమ్మయ్య, మూడో నెంబరే" అని నిట్టూరుస్తావు. పొద్దున్న నా చేతిలో పేపరులోకి తొంగిచూస్తూ పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ అన్నీ గొణుక్కుంటావు. నేను, "నీ సణుగుడు ఆపవే, పేపరు చదువుకోనివ్వవా" అంటాను. చదివేదేముంది, నాకు పేపరు ఒక తెల్లగుడ్డ అయి చాలా రోజులైంది. కుడికన్ను ముందు పోయింది, ఎడమది దాని వెనకే బయల్దేరింది. నువ్వు గొణుగుతుంటే విని, కాసేపాగి, అప్పుడే చదివినట్టు నీకే చెబుతాను. ఏ బడికీ వెళ్ళకుండా సినిమా పోస్టర్లూ పొట్లాం కాగితాలూ చదివి నాకు నేనుగా అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. ఆ అక్షరాలే నా ఆస్తి అని తిరిగినవాణ్ణి. అవి పోతున్నాయని ఎవరితో చెప్పుకోను? చెబితే ఒక్కణ్ణీ బయటికి వెళ్ళనివ్వరు. నువ్వు మీ అక్కయ్య దగ్గరికి వెళ్ళాక కొంప మునిగింది. మార్కెట్టుకని వెళ్ళి ఆస్పత్రి దగ్గర దిగింది దీపాల బోర్డు వల్ల కాదు. పెన్నుది కూడా తప్పేమీ లేదు.

అందుకే ఆ పిల్లని చూడగానే పోల్చాను. తల వెనక్కి వాల్చడం, పిలిస్తే ఎవరో తేలేదాకా ఆగడం, అవన్నీ నా వేషాలే. ఎలా దాచుకోవాలో నాకంటే బాగా తెలిసినవాడు ఆ గదిలో లేడు. నేనే లేచి దాని గుట్టు విప్పాను, అదీ చప్పట్ల మధ్య. నా సంగతి అలా ఎవరైనా బస్సులో లేచి చెప్పుంటే నేను ఏ స్టాపని చూసుకోకుండా దిగిపోయేవాణ్ణి.

కోడలికి ఈ కళ్ళ సంగతి చెప్పకు. నీకు ఇప్పటికైనా చెప్పాను కదా, తిట్టదలుచుకుంటే ఉత్తరంలో తిట్టు.

నీ కండక్టరు

~

చదివిపెట్టే ఇల్లాలికి,

తిట్టమన్నాను కదా అని మరీ అంత తిడతావా? కోడలు లేనప్పుడు కిటికీ దగ్గర నిలబడి, కాగితం ముక్కుకి ఆనించుకుని, ఒక్కొక్క తిట్టే ఏరుకుని చదివాను. చివర్లో రాసిన నాలుగు వాక్యాలు మాత్రం మళ్ళీ కాగితం చూడక్కర్లేకుండానే వచ్చేశాయి. "మీకు కనపడదని నాకు తెలియదనుకున్నారా? మీకోసం చదువుతున్నానని తెలిస్తే మీరు చెవులు మూసుకుంటారు. అందుకని నాకోసమే చదువుకున్నాను. ఆ పిల్లా ఇన్నాళ్ళూ అదే చేస్తోంది, మీరు వెళ్ళి దండోరా వేశారు."

సరే. వేశాను.

నువ్వు వచ్చేలోపు ఇక్కడ జరిగినవి చెప్పేస్తాను. మహారాణి వాళ్ళమ్మా నాన్నలకి కబురు వెళ్ళింది. వాళ్ళు దర్జీ పని చేసుకునేవాళ్ళు, పిల్ల సూదిలో దారం ఎక్కించనంటే బద్ధకం అనుకున్నారట. వారం తిరక్కుండా కళ్ళజోడు పెట్టించారు. గుండ్రటి అద్దాలు, నల్ల ఫ్రేము. ఇప్పుడు బోర్డంతా దానికి కనపడుతుంది. హెడ్మిస్ట్రెస్ నన్ను పిలిపించి, "పెద్దాయనా, మీ టికెట్టు వల్ల ఒక పిల్ల కళ్ళు బాగుపడ్డాయి" అంది. అందరూ అదే అంటున్నారు. అది మంచే. నేను మంచిని కాదనడం లేదు.

కానీ మూడో వరసలో గుసగుస ఒక్కతే కూర్చుంటోంది. దాని నోరు మూతపడింది. ఎవరి చెవిలోనూ ఏమీ ఊదదు. టీచరు రాసింది రాసుకుంటుంది, గంట కొడితే లేస్తుంది. దాన్ని చూసి తక్కినవాళ్ళూ తగ్గారు. ఇప్పుడు బళ్ళో అన్నిటికన్నా నిశ్శబ్దంగా ఉండే తరగతి మన కోడలిదే. మిగతా టీచర్లు వచ్చి ఎలా చేశావని అడుగుతున్నారట. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతూ చెబుతూ అది ఏడ్చింది.

"రోజూ తిట్టాను మామయ్యా ఆ పిల్లని. తిట్టినన్నాళ్ళూ చదివి పెట్టింది. మెచ్చుకున్న రోజున మానేసింది."

లేచి వెళ్ళి దానికి మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

టికెట్లు ఆపేశాం. పిడుగు పెద్ద గొడవ చేశాడు. "అయితే ఇంక మేం పడితే ఎవరు లేపుతారు టీచర్?" "పడకు," అంది కోడలు. వాడు రెండు రోజులు అలిగాడు, మూడో రోజు నిజంగానే పడ్డాడు. ఎవడో లేపాడు. లేపినవాడు అలవాటుకొద్దీ చెయ్యి చాపి, గుర్తొచ్చి, ఆ చేత్తోనే తల గోక్కున్నాడు.

చెడింది నావల్ల కాబట్టి బాగుచెయ్యడమూ నావల్లే కావాలని నాకో పిచ్చి. కోడలితో చెప్పి ఒక పూట ఇద్దర్నీ మళ్ళీ ఒకే బెంచీలో కూర్చోబెట్టించాను. ఒకరికొకరు తెలియని ఇద్దరు బస్సు సీట్లో కూర్చుంటారు చూడు, మధ్యలో సంచీ పెట్టుకుని, అలా కూర్చున్నారు. మర్నాడు మహారాణి మళ్ళీ ముందు వరస గోడ పక్కకే వెళ్ళిపోయింది. గుసగుసని వరండాలో ఆపి, "తల్లీ, నాదే పొరపాటు" అన్నాను. అది నా ఖాకీ గుండీల వంక చూస్తూ, "మీరేం చెయ్యలేదుగా తాతా. మంచి పనేగా అన్నారు" అంది. అని, వెళ్ళొచ్చా అని అడిగి వెళ్ళింది. సర్వీసులో ఎంతమంది ఎన్ని మాటలన్నారో, ఏదీ ఇంత లోపలికి దిగలేదు.

మహారాణి దగ్గరికి వెళ్ళే ధైర్యం లేకపోయింది. ఇక బడి వైపు వెళ్ళకూడదని నిర్ణయించుకున్నాను. ఖాకీ చొక్కా ఉతికి, మడిచి, మెషీనుతో సహా ట్రంకులో పెట్టి, పెట్టె మంచం కిందికి తోశాను. అది నీకు రాసి పోస్టు కూడా చేద్దామనుకున్నాను. సరిగ్గా అప్పుడే నీ తిట్లు వచ్చాయి. 'నాకోసమే చదువుకున్నాను' అన్న ముక్క దగ్గర ఆగిపోయాను. నా గుట్టు నీకు తెలుసు, నీకు తెలుసన్న సంగతి నాకు తెలియకుండా నువ్వు ఇన్నాళ్ళూ కాపాడావు. మరి ఆ పిల్ల గుట్టు నేను బయటపెట్టి, నాది మాత్రం పెట్టెలో చొక్కాలా దాచుకోవడం ఏం న్యాయం?

అందుకని ఇవాళ మళ్ళీ వెళ్ళాను. మామూలు చొక్కాతో. నేను కథ చెబుతానని పిల్లలు సర్దుకున్నారు. ఏ కథా చెప్పలేదు.

"నాకు కళ్ళు కనపడవురా," అన్నాను.

గుమ్మం దగ్గర పుస్తకాలు దిద్దుతున్న కోడలు తలెత్తింది. "మామయ్యా?"

"చాలా రోజులైంది. మీ మొహాలు నాకు ఇక్కణ్ణించి బూడిదరంగు గుమ్మడికాయల్లా ఉన్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంట్లో కూర్చోబెడతారని భయం."

పిడుగు ఊరుకుంటాడా? బెంచీ మీదకి ఎక్కి చెయ్యి చాపాడు. "ఇవెన్ని తాతా?"

"వేళ్ళా అవి? అరటిపళ్ళు అనుకున్నాను. ఒకటి ఇలా ఇయ్యి."

గదంతా గొల్లున నవ్వింది. పిడుగు తన చేతిని తనే చూసుకుని జేబులో పెట్టుకున్నాడు. నేను ముందు వరస గోడవైపు తిరగలేదు. తిరిగితే మళ్ళీ అదే పని చేసినట్టు అవుతుంది. గోడకి చెప్పినట్టు చెప్పాను. "నా ఇల్లాలు రోజూ నాకు బోర్డులు చదివి పెట్టేది. నాకోసం కానట్టు, ఊరికే తనలో తను అనుకున్నట్టు. అది మెచ్చుకోలు కోసం చేసిన పని కాదు. నన్ను చూసి జాలిపడి కూడా కాదు. మేమిద్దరం కలిసి నడుస్తున్నాం, దానికి కనపడేది నాకు కనపడటం లేదు, అంతే. ఎవరైనా వచ్చి దానికి టికెట్టు కొట్టుంటే మా ఇద్దరి నడకా చెడిపోయేది." అంతే చెప్పాను. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. హాయిగా అనిపించింది.

కోడలు ఇంటికొచ్చాక నా మీద ఎంత లేచిందో నువ్వు వచ్చాక అదే చెబుతుంది, దాని నోటితో వింటేనే బాగుంటుంది. "పిల్లలందరి ముందు చెబుతారా! నాకు చెప్పడానికి నోరు రాలేదా!" అని గిన్నెలన్నీ గట్టిగా సర్దింది. కంటి డాక్టరు దగ్గరికి వచ్చేవారం తీసుకెళుతుందట. పొర తీసేస్తే మళ్ళీ కనపడొచ్చు అంటున్నారు. సరే, తీయించుకుంటాను. కానీ ఒక మాట. పొర తీశాక కూడా నువ్వు బోర్డులు చదవడం మానకు. మందుల షాపు ఎక్కడికి మార్చారో నాకు కనపడుతూనే ఉంటుంది, అయినా నువ్వు చెప్పు. ఇది అడగడానికే ఇంత పొడుగు ఉత్తరం అని నువ్వు అనుకుంటే, అనుకో.

ఇంకొక్కటి చెప్పి ఆపేస్తాను. బడి వదిలాక బస్ స్టాపులో నిలబడ్డాను. కోడలికి ఏదో మీటింగు ఉండిపోయింది. స్తంభానికి ఇటుపక్క మహారాణి ఉంది, అటుపక్క గుసగుస ఉంది. ఇద్దరిదీ మన వైపే, ఒకటో నెంబరు. నాకు అది గొంతులు విన్నాకే తెలిసింది. వాన తుంపర మొదలైంది. మలుపు దగ్గర ఏదో పెద్దది కదిలింది. నేను తల వెనక్కి వాల్చాను.

"ఒకటి," అంది మహారాణి. నాతో కాదు, గాలితో.

తర్వాత స్తంభం అవతల్నించి, "పదకొండు."

"ఒకటే."

"పదకొండు. అద్దాలు తుడుచుకో."

మహారాణి కళ్ళజోడు తీసి గౌను అంచుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. బస్సు వచ్చి ఆగింది. పదకొండే. మా ముగ్గురికీ అది పనికిరాదు. ఎక్కేవాళ్ళు ఎక్కారు, అది వెళ్ళిపోయింది. గుసగుస స్తంభానికి ఇవతలి వైపుకి వచ్చి నిలబడింది.

నీ కండక్టరు